రాజుల గీతలో కూలివాళ్ళ పిల్లలు

మెక్సికన్-అమెరికన్ చిత్రకారుడు డంకన్ తోనాతియూ బొమ్మలు వేసిన ఏ పిల్లల పుస్తకం తెరిచినా నా కళ్ళు ముందు చెవి దగ్గరే ఆగుతాయి. అంకె 3 తెచ్చి తలకు అతికించినట్టు ఉంటుంది ఆ చెవి. మిగతావి ఆ తర్వాత ఒక్కొక్కటే కనిపిస్తాయి. పుస్తకంలో ఉన్నవాళ్ళంతా పక్కకు తిరిగే ఉంటారు. పాపైనా, టీచరైనా, కుందేలైనా మన వైపు తిరిగి చూడరు. వెలుగునీడలు ఉండవు. మోచెయ్యి, మోకాలు, వేళ్ళు, అన్నీ గట్టి గీతల్లో విడివిడిగా తెలుస్తాయి. మన తోలుబొమ్మల్లో రాముడూ సీతా పక్కకు తిరిగి నిలబడతారే, చూడగానే ఆ జ్ఞాపకం వస్తుంది. ఈ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, బొమ్మ మీ కంటికి కట్టాలని చెప్పానంతే.

ఇంకాస్త దగ్గరగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ఆ గీత బొమ్మ తల మీద ఉన్నది నిజం జుట్టు. వేసుకున్న ప్యాంటు నిజం జీన్స్ గుడ్డ, కుట్టు నేత అంతా కనిపిస్తూ. వెనక గోడ నిజం ఇటుక. ఆయన ముందు పెన్సిల్‌తో చేత్తో గీస్తారు, దాన్ని స్కాన్ చేస్తారు, ఆపైన కంప్యూటర్‌లో ఫొటోల నుంచి తీసిన గుడ్డ, రాయి, చెక్క, జుట్టు ముక్కల్ని ఆ గీతల మధ్య నింపుతారు. గీత ఎన్నో వందల ఏళ్ళ నాటిది, లోపల నింపిన సరుకు ఈనాటిది.

ఇలాంటి పుస్తకాల గురించి రాసేటప్పుడు "మెక్సికన్-అమెరికన్ వారసత్వం స్ఫూర్తితో" అనే మాట వాడటం అలవాటైపోయింది. చదివి తలూపి ముందుకు వెళ్ళిపోతాం. నిజానికి ఆ మాటలో చాలా చిక్కుముళ్ళు ఉన్నాయి. ఏ మెక్సికో? ఏ కాలం నాటిది? అమ్మమ్మ వంటింట్లో నేర్చుకున్నదా, లైబ్రరీలో దొరికిందా? అసలు అది ఎవరిది, ఎవరు తీసుకోవచ్చు? తోనాతియూ బొమ్మలు ఈ చిక్కుముళ్ళన్నిటి మీదుగా వెళ్తాయి. అందుకే వాటిని పట్టుకుని విప్పడం తేలిక.

మెక్సికన్-అమెరికన్ అంటే మెక్సికో నుంచి వలస వచ్చినవాళ్ళు అని మనలో చాలామంది అనుకుంటాం. అది సగమే నిజం. 1848లో అమెరికా, మెక్సికోల మధ్య యుద్ధాన్ని ముగిస్తూ గ్వాదలూపె ఇదాల్గో ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. అంతకు ముందే చేజారిన టెక్సస్‌ని కూడా కలిపి చూస్తే మెక్సికో దాదాపు సగం నేల అమెరికా చేతికి వెళ్ళింది. కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, టెక్సస్‌లలో అప్పటికే ఉంటున్న కుటుంబాలు ఉన్న చోటే ఉన్నాయి, దేశం మాత్రం మారిపోయింది. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని వాళ్ళు అనేది అందుకే. కాబట్టి ఈ జనంలో అమెరికాలో తరతరాలుగా ఉన్నవాళ్ళూ ఉన్నారు, నిన్న రాత్రి ఎడారి దాటి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరి వారసత్వాన్నీ ఒకే రంగుల డబ్బాలో పెట్టలేం.

పాతకాపుల వైపు నుంచి వచ్చిన చిత్రకారిణి కార్మెన్ లోమాస్ గార్సా. 1948లో దక్షిణ టెక్సస్‌లోని కింగ్స్‌విల్‌లో పుట్టింది. బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్ష వేసే రోజులు అవి, ఆమెకూ ఆ శిక్షలు పడ్డాయి. ఇంట్లో మాట్లాడే భాషకే బడిలో దెబ్బలు తిన్న పిల్ల పెద్దయ్యాక ఏం గీస్తుంది? ఆమె వంటిల్లు గీసింది. 1990లో వచ్చిన "ఫ్యామిలీ పిక్చర్స్" పుస్తకం పేజీకి ఒక జ్ఞాపకం చొప్పున, పక్కనే ఇంగ్లిష్, స్పానిష్ రెండు భాషల్లో నాలుగు ముక్కలతో ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1975 నుంచి రెండు భాషల పిల్లల పుస్తకాలు వేస్తూ వచ్చిన ఒక చిన్న సంస్థ దాన్ని అచ్చు వేసింది.

అందులో తమాలెలు చేసే బొమ్మ ఒకటి ఉంది. మొక్కజొన్న పిండిని మొక్కజొన్న పొత్తు మీది ఎండు ఆకులో పరిచి, మాంసం పెట్టి, మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. బొమ్మలో తాత నీలం ఓవరాల్స్ వేసుకుని ఆకులు నానబెడుతుంటాడు, పక్కనే కార్మెన్, ఆమె చెల్లి. అమ్మ ఆకుల మీద పిండి పరుస్తోంది. బాబాయి, పిన్ని మాంసం పెడుతున్నారు. నానమ్మ మడిచిన వాటిని వరసగా సర్దుతోంది. కొన్ని ఇళ్ళలో ఈ పని ఆడవాళ్ళే చేస్తారనీ, తమ ఇంట్లో అందరూ చేస్తారనీ పక్కన రాసుకుంది. పండగ ముందు రోజు అరిసెల పిండి చుట్టూ ఇల్లంతా చేరే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ బొమ్మకు ఎవరి వివరణా అక్కర్లేదు. ఆ పుస్తకంలో చివరి బొమ్మ నాకు ఇంకా ఇష్టం. ఎండాకాలం రాత్రి అక్కచెల్లెళ్ళు ఇంటి కప్పు మీద కూర్చుని చుక్కలు చూస్తుంటారు, కింద గదిలో అమ్మ వాళ్ళకు పక్క వేస్తుంటుంది. తనకు బొమ్మల మీద ప్రేమ పుట్టించింది ఆ అమ్మే అని కార్మెన్ చెప్తుంది.

గార్సాకు వారసత్వం ఇంట్లోనే ఉంది. గుర్తు తెచ్చుకుని గీస్తే చాలు. ఎల్ పాసోలో పెరిగిన రాఉల్ ద థర్డ్‌ది ఇంకో దారి. కుర్రాడిగా చేతికి దొరికిన బాల్‌పాయింట్ పెన్నులతోనే బొమ్మలు వేశాడు, పెద్దయ్యాక "లోరైడర్స్" పుస్తకాలకూ నలుపు, ఎరుపు, నీలం పెన్నులే వాడాడు. సరిహద్దు వీధుల్లో చూసిన కార్లు, కుస్తీ యోధుల ముసుగులు ఆయన సరుకు.

తోనాతియూకి ఈ రెండు దారులూ లేవు. ఆయన 1984లో మెక్సికో సిటీలో పుట్టారు. తల్లి మెక్సికన్, తండ్రి అమెరికన్. పెరిగింది సాన్ మిగెల్ దె అయెందె అనే పాత ఊళ్ళో. కౌమారంలో చదువుకోసం మసాచుసెట్స్ వెళ్ళారు, తర్వాత న్యూయార్క్‌లో పార్సన్స్ డిజైన్ కాలేజీ. పేరులోని తోనాతియూ, నవాత్ల్ అనే మెక్సికో మూలవాసుల భాషలో సూర్యుడి పేరు. చిన్నప్పుడు చుట్టూ ఉన్న పాత కళను ఆయన పెద్దగా పట్టించుకోలేదు, దూరం వెళ్ళాకే దాని మీద బెంగ పుట్టింది. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళాక ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు కోసం వెతికే మనవాళ్ళు ఎంతమంది లేరు!

న్యూయార్క్‌లో ఆయనకు ఒక మిష్తెక్ స్నేహితుడు ఉండేవాడు. మిష్తెక్‌లు మెక్సికోలోని వహాకా, గెరెరో, ప్వెబ్లా ప్రాంతాల మూలవాసులు. తమ భాషలో తమను "న్యూ సావీ" అని చెప్పుకుంటారు, వాన ప్రజలు అని అర్థం. వేల ఏళ్ళుగా ఉన్న ఆ జనం ఇప్పుడు కాలిఫోర్నియా పొలాల్లో, న్యూయార్క్ హోటళ్ళ వంటిళ్ళలో పనిచేస్తున్నారు. ఆ స్నేహితుడి ప్రయాణాన్ని కాలేజీ చివరి ప్రాజెక్టుగా బొమ్మల కథ చేయాలనుకున్నారు తోనాతియూ. మిష్తెక్‌ల బొమ్మలు ఎలా ఉంటాయో చూద్దామని లైబ్రరీకి వెళ్ళారు. అక్కడ పాత మిష్తెక్ గ్రంథాల బొమ్మలు కనిపించాయి. ఆ రోజు నుంచి ఆయన గీత మారిపోయింది.

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, కథంతా ఈ గ్రంథాల్లోనే ఉంది.

స్పెయిన్ వాళ్ళు రాకముందు మిష్తెక్‌లు జింక తోలును పొడవాటి పట్టీలుగా అతికి, మీద తెల్లటి పూత పూసి, రెండు వైపులా బొమ్మలు వేసేవాళ్ళు. దాన్ని అటూ ఇటూ మడతలు వేస్తే పుస్తకం. వాటిలో పేరున్నది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 47 ఆకులు, విప్పి పరిస్తే 11 మీటర్ల పైమాటే. దాన్ని నటల్ కోడెక్స్ అంటారు. 1902లో దాని అచ్చు ప్రతి రావడానికి కారణమైన పరిశోధకురాలు జెలియా నటల్ పేరు అది. రాసినవాళ్ళ పేరు పెట్టలేదు, అందులోని రాజుల పేరూ పెట్టలేదు. దానికి ముందు ఆ గ్రంథం 1854లో బయటపడింది ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, ఒక మఠంలో! వహాకా కొండల నుంచి అక్కడికి చేరడమే ఒక కథ. చేరడం వల్లే బతికిందేమో కూడా. మెక్సికో నేల మీద మిగిలిపోయిన వాటిలో చాలా భాగం మంటల్లో పోయాయి. 1562లో యుకతాన్‌లోని మానీ ఊళ్ళో దియెగో దె లాందా అనే ఫాదిరీ మాయా జనం గ్రంథాలను కుప్ప పోసి తగలబెట్టించాడు. స్పెయిన్ వాళ్ళు రాకముందు నాటి పుస్తకాల్లో ఇవాళ మిగిలినవి ఇరవై కూడా లేవు.

ఆ పుస్తకం చదవడం ఒక విద్య. ఎర్ర గీతలు దారి చూపిస్తాయి, కళ్ళు వాటి వెంబడి పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. మనుషులకు పేర్లు పుట్టిన రోజును బట్టి, 260 రోజుల పంచాంగంలోంచి వస్తాయి. నటల్ గ్రంథంలో ఒక వైపు కథానాయకుడు 11వ శతాబ్దంలో పుట్టిన రాజు, పేరు "ఎనిమిది జింక". జింక తల, పక్కన ఎనిమిది చుక్కలు ఉంటే అది ఆయనే. ఎవరైనా ప్రయాణం చేస్తే దారి మీద పాదముద్రలు. ఇలాంటి గ్రంథాల్లో మనిషి మాట్లాడుతున్నాడని చెప్పడానికి నోటి ముందు పొగ సుడిలాంటి చిన్న గుర్తు వేస్తారు. ముఖంలో కోపం, దుఃఖం లాంటివి దాదాపు కనిపించవు. చెయ్యి ఎటు చాచారు, ఎలా కూర్చున్నారు అన్న దాన్ని బట్టే భావం. ఇక మనుషులంతా పక్కకు తిరిగి ఉంటారు.

ఆ మనుషులు ఎవరన్నది ఇక్కడ గమనించాలి. రాజులు, రాణులు, పూజారులు, దేవతలు. ఎవరు ఎవర్ని పెళ్ళాడారు, ఏ ఊరు గెలిచారు, ఏ కొమ్మ ఏ వంశానిది అన్నదే ఆ పుస్తకాల సరుకు. పొలం దున్నేవాడికి అందులో చోటు చాలా తక్కువ.

తోనాతియూ చేసిందేమిటో ఇప్పుడు చూడండి. పక్కకు తిరిగిన ఆ నిలువెత్తు రాజసపు గీతను తీసుకుని, దానితో కూలివాళ్ళను గీశారు. హోటల్లో పళ్ళేలు తీసే కుర్రాణ్ణి, క్యారెట్ పొలంలో పనికి పోయిన తండ్రిని, బడిలోంచి వెనక్కి పంపిన పిల్లను. మెక్సికన్ వారసత్వం అంటే పెద్ద టోపీలు, కాక్టస్ మొక్కలు, మిరపకాయ దండలు గీయడమే అనుకునే చోట, ఆయన వస్తువుల్ని వదిలేసి గీత పద్ధతినే తెచ్చుకున్నారు. ఆయన బొమ్మల్లో నన్ను కట్టిపడేసేది ఇదే.

దీని బలం బాగా తెలిసేది 2014లో వచ్చిన "సెపరేట్ ఈజ్ నెవర్ ఈక్వల్" పుస్తకంలో. అది జరిగిన కథ. 1944లో కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలోని వెస్ట్‌మిన్‌స్టర్‌కి మెండెజ్ కుటుంబం వచ్చింది. గొన్సాలో మెండెజ్ కౌలుకు తీసుకున్న పొలం మునెమిత్సు అనే జపనీస్ అమెరికన్ కుటుంబానిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం వాళ్ళను అరిజోనాలోని పోస్టన్ నిర్బంధ శిబిరానికి తోలేసింది. ఒక కుటుంబాన్ని రంగు చూసి గెంటేసిన నేల మీదే ఇంకో కుటుంబం రంగు గురించి పోరాడాల్సి వచ్చింది. గొన్సాలో కూతురు సిల్వియాకు అప్పటికి ఎనిమిదేళ్ళు. మేనత్త తన పిల్లలతో పాటు సిల్వియాను, ఆమె తమ్ముళ్ళను కూడా దగ్గర్లో ఉన్న బడిలో చేర్చడానికి తీసుకెళ్ళింది. మేనత్త పిల్లలు కాస్త తెల్లగా ఉంటారు, ఇంటి పేరు విదౌరీ, ఫ్రెంచి పేరులా వినిపిస్తుంది. వాళ్ళను చేర్చుకున్నారు. మెండెజ్ పిల్లల్ని మాత్రం "మెక్సికన్ బడి"కి వెళ్ళమన్నారు. ఆ మెక్సికన్ బడి ఓ పాత చెక్క కట్టడం. పక్కనే పశువుల దొడ్డి, దానికి కరెంటు తీగ. పిల్లలు ఈగల మధ్య అన్నం తినేవాళ్ళు.

గొన్సాలో, ఇంకో నాలుగు కుటుంబాలు కలిసి 1945 మార్చిలో కోర్టుకు వెళ్ళారు. దాదాపు 5,000 మంది పిల్లల తరఫున వేసిన కేసు అది. విచారణలో గార్డెన్ గ్రోవ్ బడుల సూపరింటెండెంట్ జేమ్స్ కెంట్ సాక్ష్యం చెప్పాడు. మెక్సికన్ పిల్లలకు పేలు ఉంటాయని, చర్మ రోగాలు ఉంటాయని, చేతులు, ముఖం, మెడ, చెవులు మురికిగా ఉంటాయని అన్నాడు. తోనాతియూ ఆ కోర్టు రికార్డుల్ని వెతికి, సిల్వియా మెండెజ్‌తో స్వయంగా మాట్లాడి, కోర్టు మాటల్ని అక్కడక్కడా కుదించి పుస్తకంలో పెట్టారు.

చెవులు మురికి అన్న మాట చదివాక మళ్ళీ బొమ్మలు చూశాను. ప్రతి పిల్లకూ ఆ అంకె 3 చెవి. జుట్టులో దాచకుండా, అతి శ్రద్ధగా, గుండ్రంగా. ఈ చెవి ఆయన అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది, కెంట్‌కి జవాబుగా గీసింది కాదు. అయినా ఈ పేజీల్లో అది జవాబులా కనిపిస్తుంది. మురికివాళ్ళని కోర్టులో చెప్పించుకున్న పిల్లలు "ఎనిమిది జింక" నిలబడ్డట్టే నిటారుగా నిలబడి ఉంటారు. ఇంకో తమాషా, సూపరింటెండెంటూ జడ్జీ కూడా అదే గీతలో ఉంటారు. ఆ చెవి వాళ్ళకూ ఉంది.

1946 ఫిబ్రవరి 18న జడ్జి పాల్ మెకార్మిక్ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చాడు. 1947 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పీలులో మెండెజ్ కుటుంబానికి మద్దతుగా నల్లజాతివారి హక్కుల సంఘం వాదన దాఖలు చేసింది, ఆ పత్రం వెనక ఉన్నవాళ్ళలో, తర్వాత సుప్రీం కోర్టు న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ ఒకడు. ఆ ఏడే కాలిఫోర్నియా చట్టాల్లోంచి బడుల్లో పిల్లల్ని విడదీసే నిబంధన తీసేసే బిల్లు మీద గవర్నర్ ఎర్ల్ వారెన్ సంతకం పెట్టాడు. 1954లో బడుల్లో పిల్లల్ని రంగును బట్టి విడదీయడం చెల్లదని అమెరికా అంతటికీ వర్తించే బ్రౌన్ తీర్పు ఇచ్చిన సుప్రీం కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి ఆ వారెనే. ఏడేళ్ళ ముందే జరిగిన ఈ కథ చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించలేదు. 2011లో సిల్వియాకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం ఇచ్చారు. కాలిఫోర్నియా బడుల్లో ఇవాళ కూర్చునే మన తెలుగు పిల్లలు కూడా ఆ తీర్పు తెరిచిన తలుపుల్లోంచే లోపలికి వెళ్తున్నారు.

ఈ గీత మీద అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, బొమ్మలు బిగుసుకుపోయినట్టు ఉంటాయని. చిన్న పిల్లలకు ముఖంలో నవ్వు, ఏడుపు కనిపించాలి కదా అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఒక తల్లి బిడ్డను పొదివి పట్టుకున్న చోట రెండు ముఖాలూ పక్కవాటుగానే ఉంటే మనకు అందాల్సిన వెచ్చదనం కొంత తగ్గుతుంది. కానీ అదే బిగువు కోర్టు గదిలో గౌరవంగా మారుతుంది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోక తప్పదు, ఆయన ఏది ఎంచుకున్నారో తెలుస్తూనే ఉంది.

రెండోది ఇంకా లోతైనది. ఆయన మిష్తెక్ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు కాదు. మరి ఆ గీత ఆయనదెలా అవుతుంది? మెక్సికోలో పాత వైభవాన్ని వాడుకోవడం కొత్తేం కాదు. 1920ల నుంచి గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేసిన దియెగో రివెరా లాంటివాళ్ళు, స్పెయిన్ వాళ్ళు రాకముందు మెక్సికోలో రాజ్యమేలిన ఆజ్‌తెక్‌ల నుంచి తీసుకున్నారు. 1960లలో అమెరికాలో మెక్సికన్-అమెరికన్ల హక్కుల కోసం సాగిన చికానో ఉద్యమం ఆజ్‌తెక్ గద్దను జెండా మీద ఎగరేసింది. ఈ గర్వంలో ఒక లోపం తరచూ ఉండేది. చనిపోయిన ఆదివాసీ రాజును పూజిస్తూ, బతికున్న ఆదివాసీని పట్టించుకోకపోవడం. తోనాతియూ ఈ గోతిలో పడలేదని నేను అనుకుంటాను. ఆయన ముందు గ్రంథాన్ని చూసి తర్వాత మనిషిని వెతుక్కోలేదు. ముందు న్యూయార్క్‌లో కూలి చేసుకునే మిష్తెక్ మనిషి ఉన్నాడు, అతని కథ సరిగ్గా చెప్పడానికే గ్రంథం దగ్గరికి వెళ్ళారు. అందుకే ఆ గీత అలంకారంలా అనిపించదు.

2013లో వచ్చిన "పాంచో ర్యాబిట్ అండ్ ద కొయోటీ"లో మనుషులు లేరు, జంతువులే. వానలు లేక పంటలు ఎండి నాన్న కుందేలు ఉత్తరానికి కూలికి పోతుంది. తిరిగొస్తానన్న రోజు ఇల్లంతా పండగ, మోలె అనే చిక్కటి మసాలా పులుసు, అన్నం, చిక్కుడు గింజలు, వేడి తోర్తీయా రొట్టెలు. నాన్న రాడు. కొడుకు పాంచో ఆ తిండి మూట కట్టుకుని వెతుక్కుంటూ బయలుదేరతాడు. దారి చూపిస్తానని ఒక నక్క లాంటి కొయోటీ కలుస్తుంది. డబ్బు తీసుకుని మనుషుల్ని సరిహద్దు దాటించేవాళ్ళను అక్కడ వాడుకలో కొయోటీ అనే అంటారు. కథలో కొయోటీ మజిలీ మజిలీకీ మూటలోంచి ఒక్కొక్కటీ అడిగి తినేస్తుంది. మూట ఖాళీ అయ్యాక పాంచో వైపు చూస్తుంది. పిల్లలకు అది జంతువుల కథ. ఎడారి దాటి వచ్చిన ఇంటి పిల్లలకు మాత్రం ప్రతి మజిలీ ఏమిటో తెలుసు. చివర నాన్న దొరుకుతాడు, కానీ వాన మళ్ళీ పడకపోతే ఏం చేయాలన్న ప్రశ్న ఇంట్లోనే ఉండిపోతుంది.

ఈ పుస్తకాలు ఎందుకు ఇంత పట్టుదలగా వస్తున్నాయో అర్థం కావాలంటే ఒక్క లెక్క చాలు. 2018లో అమెరికాలో అచ్చయి, విస్కాన్సిన్‌లోని ఒక కేంద్రం లెక్క కట్టిన పిల్లల పుస్తకాల్లో ముఖ్య పాత్రలు 50 శాతం తెల్లవారు, 27 శాతం జంతువులు, వస్తువులు లాంటివి. లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు 5 శాతం. కుందేళ్ళకూ ఎలుగుబంట్లకూ దొరికిన చోటు ఆ పిల్లలకు దొరకలేదు.

తోనాతియూ 2018లో "అన్‌డాక్యుమెంటెడ్" అనే పుస్తకం తెచ్చారు. ఇది కాస్త పెద్దవాళ్ళ కోసం. నాయకుడు హువాన్, మిష్తెక్. కాగితాలు లేకుండా సరిహద్దు దాటి, హోటల్లో పనిచేస్తూ, చట్టం ప్రకారం రావాల్సిన కనీస కూలి కోసం యజమానిని ఎదిరిస్తాడు. కాలేజీలో మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టే పదేళ్ళ తర్వాత పుస్తకమైంది. దీన్ని మామూలుగా కుట్టలేదు. జింక తోలు గ్రంథంలాగే అటూ ఇటూ మడతలు పెట్టారు. పేజీ తిప్పడానికి లేదు, విప్పుకుంటూ పోవాలి. బల్ల చాలదు, నేల మీద పరుచుకోవాలి. ఆ పొడవాటి పట్టీ మీద, ఒకప్పుడు రాజులు నడిచిన దారిలో, ఎంగిలి పళ్ళేలు తీసే హువాన్ పక్కకు తిరిగి నడుస్తుంటాడు. చెవి అంకె 3 లా ఉంటుంది.